పళ్ళ డాక్టరు చదువుకు ముందు పది రోజులు పక్కన నిలబడి చూడండి



ఇంటర్ ఫలితాలు వచ్చి, నీట్ పరీక్ష కూడా అయిపోయిన రోజుల్లో, ఆదివారం ఆరాధన ముగిశాక తల్లిదండ్రులు మమ్మల్ని ఆపి ఒక ప్రశ్న అడుగుతుంటారు. "సిస్టర్, ఎం.బి.బి.ఎస్. సీటు వచ్చేటట్టు లేదు. బి.డి.ఎస్.లో వేద్దామా?" అని. మేము వెంటనే అవుననీ చెప్పం, కాదనీ చెప్పం. "మీ అమ్మాయి ఎప్పుడైనా పళ్ళ డాక్టరు పని చేస్తుంటే పక్కన నిలబడి చూసిందా?" అని తిరిగి అడుగుతాం. చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. తన పన్ను పీకించుకున్న రోజున కుర్చీలో కళ్ళు మూసుకొని కూర్చోవడమే తప్ప, ఆ పని ఎలా జరుగుతుందో ఆ పిల్ల చూసి ఉండదు.

ఈ నెల పాఠం దాని గురించే.

ఈ పాఠం ఎందుకు?

కొన్నేళ్ళ క్రితం మాకు తెలిసిన ఒక కుటుంబంలో అబ్బాయిని బి.డి.ఎస్.లో చేర్పించారు. తండ్రి ఉన్న రెండెకరాల్లో ఒక ఎకరం అమ్మి ఫీజు కట్టాడు. అబ్బాయి తెలివైనవాడే. మొదటి రెండేళ్ళు పుస్తకాల చదువు బాగానే సాగింది. మూడో ఏడు రోగుల దగ్గరకు వెళ్ళేసరికి కష్టం మొదలైంది. నోటి వాసన, ఉమ్మి, రక్తం చూస్తే అతనికి కడుపులో తిప్పేది. పొద్దున అన్నం తినకుండానే కాలేజీకి పోయేవాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చివరకు చదువు మధ్యలో వదిలేసి ఇంటికి వచ్చాడు.

ఇప్పుడు వేరే ఉద్యోగంలో బాగానే ఉన్నాడు, అందుకు దేవునికి స్తోత్రం. కాని ఆ ఎకరం తిరిగి రాలేదు. "పది రోజులు ముందుగా చూసి ఉంటే నాకే తెలిసిపోయేది ఆంటీ" అని ఆ అబ్బాయే మాతో అన్నాడు. ఆనాడు ఆ తండ్రి సలహా కోసం వచ్చినప్పుడు "మంచి చదువే, చేర్పించండి" అన్నవారిలో మేము కూడా ఉన్నాం. ఆ మాట ఇప్పటికీ మమ్మల్ని బాధిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాం.

గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చొని లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. మనం ఫీజు లెక్క చూసుకుంటాం, హాస్టలు లెక్క చూసుకుంటాం. ఆ పనిలో నలభై ఏళ్ళు నిలబడగలమా అనే లెక్క మాత్రం చూసుకోం.

ఇక్కడ అడగరు, అమెరికాలో అడుగుతారు

మన రాష్ట్రంలో బి.డి.ఎస్. సీటు నీట్ ర్యాంకును బట్టి వస్తుంది. కౌన్సెలింగు వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం జరుపుతుంది. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం తప్ప అక్కడ వేరే ఏమీ అడగరు. పళ్ళ డాక్టరు దగ్గర నువ్వు నిలబడి చూశావా అనే ప్రశ్నకు అక్కడ ఒక్క మార్కు కూడా లేదు. సీటు వస్తే నాలుగేళ్ళ చదువు, ఆపైన ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం ఐదేళ్ళు.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ సాధారణంగా ముందుగా ఒక డిగ్రీ చదివి, డాట్ అనే పరీక్ష రాసి, ఆ తర్వాత దంత వైద్య కళాశాలకు దరఖాస్తు పెడతారు. ఆ దరఖాస్తులో ఏ డాక్టరు దగ్గర ఎన్ని గంటలు ఉండి చూశారో రాయాలి. దీనిని షాడోయింగ్ అంటారు, అంటే నీడలాగా వెంట ఉండి చూడడం. ఎన్ని గంటలు కావాలనేది ఒక్కో కళాశాల ఒక్కో విధంగా చెబుతుంది. వంద గంటల వరకు ఉంటే మంచిదని చెప్పేవి చాలా ఉన్నాయి. డల్లాస్, న్యూజెర్సీ వైపు ఉన్న మన తెలుగు కుటుంబాల పిల్లలు సెలవులకు తాత, నానమ్మల దగ్గరకు వచ్చినప్పుడు "మీ ఆసుపత్రిలో కొన్ని రోజులు చూడవచ్చా?" అని అడగడానికి కారణం ఇదే. అలాంటి పిల్లలు, బయటి దేశంలో చూసిన గంటలను తాము దరఖాస్తు పెట్టే కళాశాల లెక్కలోకి తీసుకుంటుందో లేదో ముందుగా అక్కడే కనుక్కోవాలి.

ఇది కొత్త సంగతి కాదు. పూర్వం ఈ విద్యను గురువు పక్కన నిలబడే నేర్చుకునేవారు. ప్రపంచంలో మొట్టమొదటి దంత వైద్య కళాశాల 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో వచ్చింది. మన దేశంలో 1920లో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ కలకత్తాలో దంత వైద్య కళాశాలను ప్రారంభించారు. కళాశాలలు వచ్చాక చదువు ముందుకు, చూడడం వెనకకు జరిగింది. ఇక్కడ ఎవరూ అడగకపోయినా, మన పిల్లలు తమ కోసం తాము చూడడం మంచిది. మే నెలలో నీట్ అయిపోయినప్పటి నుండి కౌన్సెలింగు వరకు ఉండే ఖాళీ వారాలు ఇందుకు సరిపోతాయి.

ఎక్కడ చూడాలి?

ఒకే చోట కాకుండా రెండు మూడు చోట్ల చూడాలి.

1. ఊళ్ళో ఉన్న మామూలు పళ్ళ డాక్టరు క్లినిక్. డాక్టరు రోజు ఎలా గడుస్తుందో, ఖాళీగా కూర్చునే గంటలు ఎన్నో కూడా ఇక్కడే తెలుస్తుంది.

2. ప్రభుత్వ ఆసుపత్రి లేదా మిషన్ ఆసుపత్రిలోని పళ్ళ విభాగం. ఇక్కడ పేదవారు, నొప్పి బాగా ముదిరాక వచ్చేవారు ఎక్కువ.

3. దంత వైద్య కళాశాల. మన జిల్లాలో నార్కట్‌పల్లి దగ్గర కామినేని కళాశాల, మహబూబ్‌నగర్‌లో ఎస్.వి.ఎస్. కళాశాల, హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ కళాశాల ఉన్నాయి. అక్కడ చదివే పిల్లలతో ఒక పూట మాట్లాడినా ఎంతో తెలుస్తుంది.

4. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబు. ఈ చదువులో చేతిపని ఎంత ఉందో ఇక్కడ అర్థమవుతుంది. మొదటి ఏడాదిలోనే మైనపు దిమ్మ మీద పన్ను ఆకారం చెక్కిస్తారు. ఇంట్లో ఒక సబ్బు బిళ్ళ మీద చెక్కి చూడండి. ఓపిక ఉందో లేదో అరగంటలో తెలుస్తుంది.

తల్లిదండ్రులు ఫోన్లో సిఫారసు చేయించడం కన్నా పిల్లలే స్వయంగా వెళ్ళి, తెల్లకాగితం మీద నాలుగు మాటలు రాసి అడగాలి. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం డాక్టరుగారి ఇష్టం. కాదంటే నొచ్చుకోకూడదు.

ఏమి చూడాలి?

చాలామంది పిల్లలు నోటిలోకే చూస్తారు. మేము మాత్రం ముందుగా డాక్టరు మాట వినమంటాం. మత్తు సూది ఇచ్చే ముందు ఆమె ఏం చెప్పింది? పన్ను పీకే ముందు బి.పి. ఉందా, సుగరు ఉందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని అడిగింది కదా, ఎందుకు అడిగింది? పీకిన తర్వాత దూదిని అరగంట గట్టిగా కరిచి పట్టుకోమని, ఆ రోజంతా పుక్కిలించవద్దని, ఊరికే ఉమ్మవద్దని ఎందుకు చెప్పింది? అక్కడ కట్టిన రక్తపు గడ్డ ఊడిపోతే మళ్ళీ రక్తం కారుతుంది, పుండు మానడం ఆలస్యమవుతుంది. ఇవన్నీ రాసుకోవాలి.

తర్వాత డాక్టరు నడుము, మెడ చూడండి. రోజంతా వంగి చేసే పని ఇది. ఆ తర్వాత మా సిస్టర్ల పని చూడండి. వాడిన పనిముట్లు కడిగి, ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉంచితేనే మరొకరి నోటిలో పెట్టడానికి పనికి వస్తాయి. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, సూదులు గుచ్చుకోని గట్టి డబ్బాలోకి వెళ్ళాలి. పళ్ళ డాక్టరు కాబోయేవారు ఈ పనిని తక్కువగా చూడకూడదు.

మన ప్రాంతపు నోళ్ళను ప్రత్యేకంగా చూడండి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు నుండి వచ్చే నడి వయసువారి పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు గార కనిపిస్తుంది. చిన్నతనంలో పళ్ళు తయారవుతున్న వయసులో ఫ్లోరైడు ఎక్కువున్న బోరు నీళ్ళు తాగినందువల్ల వచ్చిన మచ్చలు అవి, ఎంత తోమినా పోవు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలు వచ్చినా, అప్పటికే ఏర్పడిన మచ్చలు అలాగే ఉంటాయి. నవ్వేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకునే అక్కలను చూస్తే, ఈ వైద్యం ఒక్క నొప్పికి సంబంధించినదే కాదని పిల్లలకు అర్థమవుతుంది. అలాగే గుట్కా, వక్కపొడి ఏళ్ళ తరబడి నమిలి, రెండు వేళ్ళు కూడా పట్టనంతగా నోరు బిగుసుకుపోయినవారు వస్తారు. వారితో కోప్పడకుండా ఎలా మాట్లాడాలో అక్కడే నేర్చుకోవాలి.

చేయకూడనివి

మన ఆసుపత్రిలో చూడడానికి వచ్చే పిల్లలకు మేము మొదటి రోజే ఇవి చెబుతాం.

1. రోగి నోటిలో వేలు పెట్టకూడదు. పనిముట్టు అందించడం కూడా వద్దు. డాక్టరు "ఒకసారి పట్టుకో" అన్నా, "నాకు అనుమతి లేదు మేడమ్" అని చెప్పాలి. అమెరికా నుండి వచ్చిన పిల్లలకు ఇది మరీ ముఖ్యం. చదువు లేకుండా బయటి దేశపు పేదల మీద చేయి చేసుకుని నేర్చుకోవడం తప్పని అక్కడి దంత విద్యా సంఘమే హెచ్చరిస్తుంది. మన పేదవారి నోరు ఎవరికీ పలక కాదు.

2. ఫోను బయట పెట్టి రావాలి. ఒక్క ఫోటో కూడా తీయకూడదు.

3. రోగి పేరు, ఊరు నోటు పుస్తకంలో రాయకూడదు. లోపల విన్న మాట గుడి మెట్ల మీద కూడా చెప్పకూడదు. మన ఊళ్ళలో అందరూ అందరికీ తెలిసినవారే.

4. మాస్కు పెట్టుకోవాలి, చెప్పిన చోటే నిలబడాలి. సూదులున్న ట్రే దగ్గరకు పోకూడదు. హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు వేసుకున్నారో లేదో ముందుగా చూసుకోవాలి. మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది వేస్తారు.

5. కళ్ళు తిరిగినట్టుంటే వెంటనే చెప్పి కూర్చోవాలి. మొదటి రోజు అలా అవడం తప్పు కాదు, సిగ్గు పడనవసరం లేదు. మాలో కూడా మొదటి ఆపరేషను చూసి కూలబడినవారు ఉన్నారు. వారం తర్వాత కూడా అలాగే ఉంటే మాత్రం ఆలోచించాలి.

రోగులకు ఒక మాట

మీరు కుర్చీలో కూర్చున్నప్పుడు పక్కన ఒక పిల్ల నిలబడి ఉంటే, ఆమె ఎవరో మీకు ముందే చెప్పడం మా బాధ్యత. "చూడడానికి వచ్చింది, మిమ్మల్ని ముట్టుకోదు, ఉండమంటారా?" అని మేము అడుగుతాం. వద్దంటే వద్దు. కారణం చెప్పనవసరం లేదు, మీ వైద్యంలో ఏ తేడా రాదు. చిన్నపిల్లలైతే తల్లిదండ్రులను అడుగుతాం. ఎప్పుడైనా మేము అడగడం మరచిపోతే మీరే నిలదీయండి.

ఒకసారి ఒక అవ్వ ఇలాగే అడిగింది, "ఆ పోరి ఎవలమ్మా?" అని. చెప్పాం. "నేర్సుకోను వచ్చిందా? ఉండనీయి. కాని నా దిక్కు జూసి మొకం ముడుసుకోవద్దని చెప్పు" అన్నది. ఆ అమ్మాయి ఆ మాటను తన నోటు పుస్తకంలో మొదటి పేజీలో రాసుకుంది. ఒక రోజు చూసినందుకు ఆమెకు దక్కిన పాఠం అది.

పది రోజుల తర్వాత

పది రోజులు అయ్యాక అమ్మానాన్నలతో కూర్చొని ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి. రేపు మళ్ళీ రావాలనిపించిందా? నొప్పితో అరిచే మనిషి దగ్గర నాకు చిరాకు వచ్చిందా, జాలి వచ్చిందా? గంటసేపు ఒకే చిన్న చోట చూపు నిలిపి పని చేయగలనా? డాక్టరు అనే పేరు కాకుండా ఈ పనే నాకు కావాలా?

జవాబు "కాదు" అని వస్తే పిల్లలను తిట్టవద్దు. అది ఓటమి కాదు, ఐదేళ్ళు, ఒక ఎకరం మిగిలినట్టు. జవాబు "అవును" అని వస్తే ధైర్యంగా చేర్పించండి. ఎం.బి.బి.ఎస్. రాక పోయి చేరినవారిగా కాక, తెలిసి కోరుకొని చేరినవారిగా ఆ పిల్లలు తలెత్తుకొని వెళతారు.

చూడాలనుకునే పిల్లలు తల్లిదండ్రుల సంతకంతో ఒక కాగితం రాసి మా ఆఫీసులో ఇవ్వండి. పళ్ళ గదిలో ఒకసారికి ఒకరినే ఉండనిస్తాం కనుక కొంచెం ఓపిక పట్టాలి.

ప్రభువు మన పిల్లల చదువులను, వారి చేతుల కష్టాన్ని దీవించును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్