తీగ తెగినా, దొంగ చొరబడినా

చిరంజీవి నాగేంద్రకు,

గని, శకునాల గ్రామాల దగ్గరి సోలార్ పార్కులో నెట్‌వర్క్ పనికి చేరుతున్నావని మీ నాయన చెప్పాడు. చాలా సంతోషం. నెట్‌వర్క్ ఆగకుండా నడపడం మన పని, భద్రత కంప్యూటర్ వాళ్ల పని అని అక్కడ నీకు చెప్పేవాళ్లుంటారు. ఆ మాట నమ్మొద్దు నాయనా. తీగ తెగినా, దొంగ చొరబడినా కంట్రోల్ రూములో ఉన్నవాడికి వచ్చే కష్టం ఒకటే: తెరమీది అంకెను నమ్మాలో వద్దో తెలియదు. ఒకచోట చెడితే అది ఎంతదూరం పాకుతుందో ముందే తెలుసుకుని అడ్డుకట్ట వేయడమే రెండింటికీ మందు.

2017లో పూర్తయిన ఆ పార్కు 1000 మెగావాట్లది, దాదాపు 6000 ఎకరాల్లో పరుచుకుంది. అంత విస్తీర్ణంలో ఇన్వర్టర్ల సమాచారాన్ని ఫైబర్ మోసుకురావాలి. అందుకే ఇలాంటిచోట ఫైబర్‌ను రింగుగా వేస్తారు, ఒకవైపు తెగితే సమాచారం రెండోవైపు తిరిగి వస్తుంది. కాగితం మీద రింగు గుండ్రంగానే ఉంటుంది. నేలమీద పోయి చూడు: రానుపోను తీగలు రెండూ ఒకే కాలువలో పూడ్చి ఉంటే జేసీబీ ఒక్క పోటుకు రెండూ పోతాయి. ఇంకో ప్రమాదం కంటికి కనపడదు. రింగు ఒకచోట తెగినా పని ఆగదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. రెండోచోట తెగిన రోజున గానీ మొదటిది బయటపడదు. మొదటిసారి తెగగానే అలారం మోగాలి, దాన్ని ఆ రోజే ఎవరో ఒకరు చూడాలి. నెట్‌వర్క్ స్విచ్చి సంగతీ అంతే. ఆఫీసు స్విచ్చి మామూలుగా 40, 45 డిగ్రీల వేడికి మించి ఓర్వదు. మన సీమ ఎండలో బయటి గాలే 40 దాటుతుంది, ఇక మూసిన ఇనుప పెట్టె లోపల ఎంతుంటుందో ఆలోచించు. చవకగా వస్తుందని అలాంటిది బిగిస్తే ఏప్రిల్‌లోనే మొరాయిస్తుంది.

"మన నెట్‌వర్క్‌కు ఇంటర్నెట్టే లేదు, ఎవడు వస్తాడు?" అంటారు. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రానికీ లేదు. అయినా అక్కడ చొరబడిన, 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే మాల్‌వేర్ పెన్‌డ్రైవుల మీద ప్రయాణించగలిగేలా తయారైంది. పైగా మన యంత్రాలు చాలావాటిలో ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే మోడ్‌బస్ పద్ధతి 1979 నాటిది; ఆదేశం ఇచ్చేవాడు ఎవడని అది అడగదు, లోపలికి వచ్చిన ప్రతివాడూ దానికి యజమానే. అలాగని నెట్‌వర్క్‌ను వేరుచేయడం వృథా అనుకోకు. 2019లో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రంలో మాల్‌వేర్ చేరింది పరిపాలనా కార్యాలయపు కంప్యూటర్‌లోకి. రియాక్టర్ నియంత్రణ వ్యవస్థ వేరుగా ఉంది కాబట్టి అది అక్కడికి పాకలేదని అధికారులు ప్రకటించారు. 2021లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలూ అలా వేరుచేసే గోడనే కోరాయి.

"భద్రతా కట్టుబాట్లు పెరిగితే ఉత్పత్తి ఆగుతుంది, సాఫ్ట్‌వేర్ మార్చడానికి ప్లాంటు ఆపలేం" అన్న మాటలో నిజం ఉంది. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రంలాంటి చోట మరమ్మతు గడువు దాకా కాచుకోవాల్సిందే. కానీ నీది సోలార్. రాత్రి ఉత్పత్తి ఉండదు. లోడ్ డిస్పాచ్ సెంటర్‌కు ముందే చెప్పి, ఆ మార్పు ఒక్క బ్లాకులో చేసి, తెల్లవారాక దాని తీరు చూసి, ఆ తర్వాతే మిగతా బ్లాకులకు పో. ఈ వెసులుబాటు నీకు ఉండగా ఆ సాకు చెల్లదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇన్వర్టర్ కంపెనీ వాళ్లది: దూరం నుంచి లోపలికి రానివ్వకపోతే మరమ్మతు ఆలస్యం అవుతుందని. ఆ అవసరం నిజమే. అయితే 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో శత్రువులు ఉద్యోగుల పాస్‌వర్డులు దొంగిలించి, సరిగ్గా అలాంటి దారినే వచ్చి బ్రేకర్లు తెరిచారు. సుమారు 2.25 లక్షల మంది వినియోగదారులకు కరెంటు పోయింది. సబ్‌స్టేషన్ల సమాచార కన్వర్టర్లలోని ప్రోగ్రామును కూడా చెరిపేశారు కనుక దూరం నుంచి సరిచేసే వీలు లేకపోయింది. సిబ్బంది సబ్‌స్టేషన్లకు పోయి చేత్తో బ్రేకర్లు వేస్తేనే కొన్ని గంటల్లో కరెంటు తిరిగి వచ్చింది. కాబట్టి కంపెనీ వాళ్లకు దారి ఇవ్వు, తాళం మాత్రం నీ దగ్గరే పెట్టుకో. అడిగినప్పుడు తెరువు, పని ముగిసిన వెంటనే మూయి, ఎవరు వచ్చారో ఏం చేశారో రాసిపెట్టు. తెర చచ్చిపోతే ఏ బ్రేకరును ఎక్కడికి పోయి ఎవరు చేత్తో వేయాలో మొదటి నెలలోనే సబ్‌స్టేషన్ వాళ్లను అడిగి నేర్చుకో, తీగలు ఏ కాలువలో పోతున్నాయో నడిచి చూసి బొమ్మ గీసుకో. దాని ప్రతి ఒకటి నాకూ పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న