నోటీసు అందిన రోజే పాత బ్యాకప్‌లు చెరగడం ఆపాలి

సరుకు నాసిరకమనో, బిల్లు కట్టలేదనో కంపెనీకి లీగల్ నోటీసు వస్తుంది. అకౌంట్స్ వాళ్లు వెంటనే ఫైళ్లు వెతకడం మొదలుపెడతారు. అది తర్వాతి పని. ముందు ఐటీ వాళ్లకు ఫోన్ చేసి, ఏదీ చెరగకుండా చూడమనాలి.

చెరిపేది మనుషులే కానక్కర్లేదు. పాత టేపు మీదే కొత్త బ్యాకప్ రాసే షెడ్యూలు, గడువు దాటిన మెయిళ్లను తీసేసే సర్వర్ నియమం, ఏడు రోజులకు మెసేజ్‌లు మాయమయ్యేలా డైరెక్టరుగారు పెట్టుకున్న వాట్సాప్ సెట్టింగ్... వీటికి నోటీసు సంగతి తెలియదు. వీటికన్నా ప్రమాదం రాజీనామా చేసినవాళ్ల ల్యాప్‌టాప్. వివాదంలో ఉన్న ఒప్పందం నడిపింది వాళ్లే కావచ్చు. మనవాళ్లేమో దాన్ని ఫార్మాట్ చేసి కొత్తగా చేరినవాళ్ల చేతిలో పెడతారు.

కాబట్టి ఎవరు ఏది ముట్టుకోకూడదో పేరుపేరునా రాసి పంపి, అందినట్టు సంతకం తీసుకోవాలి. అమలవుతోందో లేదో మళ్లీ మళ్లీ చూడాలి. అమెరికాలో యూబీఎస్ వార్‌బర్గ్ కంపెనీ మీద లారా జుబులేక్ వేసిన కేసులో ఆ కంపెనీ లాయర్లు మెయిళ్లు చెరపకుండా ఉంచమని చెప్పారు. అయినా ఉద్యోగులు కొన్ని చెరిపేశారు, కొన్ని టేపులు దొరకలేదు. పోయిన మెయిళ్లు కంపెనీకి వ్యతిరేకంగా ఉండేవని జ్యూరీ అనుకోవచ్చని 2004లో జడ్జి తేల్చారు. మరుసటి ఏడు జ్యూరీ సుమారు 2.9 కోట్ల డాలర్లు కట్టమంది. మన దగ్గర సాక్ష్యంగా రానివ్వకూడదని రికార్డును చెరిపితే భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు.

లెక్కల గురించి అంత బెంగ అక్కర్లేదు. కంపెనీల చట్టం ప్రకారం అవి ఎటూ 8 ఏళ్లు ఉంచాల్సినవే, కంప్యూటర్లో ఉంటే రోజూ బ్యాకప్ తీయాల్సినవే. జారిపోయేవి మెయిళ్లూ చాట్లే.

బ్యాకప్‌లన్నీ దాచడం దండగ. వివాదం నడిచిన తేదీలకు దగ్గరగా ఉన్న పూర్తి బ్యాకప్‌ను పక్కకు తీసి, లేబుల్ అంటించి, బీరువాలో పెట్టి తాళం వేయాలి. అది తెరుచుకుంటుందో లేదో విడి కంప్యూటర్‌లోనే చూడాలి. నడుస్తున్న సర్వర్‌లోకి దించితే ఇవాళ్టి డేటా పోతుంది.

ఇక కాపీ. పెన్‌డ్రైవ్‌లోకి లాగి పడేస్తే ఫైలు తేదీలు మారిపోవచ్చు. ఏమీ మారకుండా తీసే ఫోరెన్సిక్ కాపీ తీయించి, ఆ క్షణానే హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కించి, ఎవరు ఇచ్చారో ఎవరు తీసుకున్నారో రిజిస్టరులో రాయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఇచ్చే ధ్రువపత్రంలో ఈ హ్యాష్ చూపాలి. అందులో ఒక భాగం మీద రికార్డు దాఖలు చేసేవాళ్లు, రెండో భాగం మీద నిపుణుడు సంతకం చేస్తారు.

కేసు కమర్షియల్ కోర్టుకు చేరితే, సమన్లు అందాక జవాబుకు 30 రోజులు. కోర్టు ఎంత దయతలిచినా 120 దాటదు. జవాబుతో పాటే కంపెనీ తన దగ్గరున్న సంబంధిత పత్రాల జాబితా ఇవ్వాలి, తనకు ఎదురు తిరిగేవాటితో సహా. చాలామంది యజమానులకు మింగుడుపడనిది ఇదే. లాయరుతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలను మాత్రం ముందే వేరు చేసుకోవాలి.

తీర్పు వచ్చి, అప్పీలు గడువు 60 రోజులూ దాటి, ఎవరూ పైకోర్టుకు వెళ్లలేదని రూఢి అయ్యాక, ఏదీ చెరపవద్దన్న ఆదేశం ఎత్తేస్తున్నామని కూడా రాసే పంపాలి. అప్పుడే టేపులు మళ్లీ షెడ్యూలులోకి వెళ్లాలి.