సీసా వెనక్కి తిప్పండి

కొత్త కాపురంలో ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టి మా అత్తయ్యగారికి దొరికిపోయాను. ఆవిడ కేకలేయలేదు. పైపచ్చడి రెండంగుళాల మేర తీసి అవతల పారేశారు. మళ్లీ నూనె పోసి, వాసెన కట్టి, జాడీని నాకు అందనంత ఎత్తులో పెట్టారు. ఫేస్ క్రీములో నిలవ మందు ఎందుకు కలుపుతారో ఆ రోజే నాకు సగం తెలిసి ఉండాలి. తెలియలేదు. అందుకు ఇంకో పదేళ్లు, ఒక పాడైన సీసా కావలసి వచ్చాయి.

ఆ సీసా నా సొంత తయారీ. రసాయనాలు వద్దే వద్దని ఒట్టు పెట్టుకుని, పెరట్లో కలబంద కోసి, గుజ్జు తీసి, పన్నీరు కలిపి గాజు సీసాలో నింపాను. నిలవ ఉంటుందని రెండు విటమిన్-ఇ గొట్టం మాత్రలు కూడా చిదిమి పోశాను. నాలుగో రోజుకి పుల్లటి వాసన వచ్చింది. ఐదో రోజు మూత తీస్తే అంచు చుట్టూ బూడిదరంగు నూగు. విటమిన్-ఇ నూనె మక్కిపోకుండా కాస్త ఆపుతుందే తప్ప క్రిముల్ని ఏమీ చెయ్యదట. ఆ సంగతి తెలిసే నాటికి మూడు రోజులు మొహానికి పట్టించేశాను.

విషయమంతా నీళ్లలో ఉంది. ఎక్కడ నీళ్లుంటే అక్కడ బాక్టీరియా, బూజు కాపురం పెడతాయి. లోషన్, షాంపూ, జెల్... వీటిలో చాలావాటికి నీళ్లే మొదటి సరుకు. ఫ్యాక్టరీ నుంచి దుకాణానికి, అక్కడి నుంచి మీ బాత్రూమ్ అరకు చేరి, రోజూ తడివేళ్లు పడుతున్నా రెండేళ్లు చెడకూడదంటే ఎవరో ఒకరు కాపలా కాయాలి. ఆ కాపలాదారే ప్రిజర్వేటివ్. అతను నచ్చకపోతే తీసెయ్యండి, తప్పులేదు. కాకపోతే కాపలా కాయవలసిన సరుకును కూడా తగ్గించాలి. ఈ రెండో సగం వదిలేసి మొదటి సగమే పట్టుకోవడం వల్లే మనలో చాలామంది దెబ్బతింటున్నాం.

భయంతో కొనేవాళ్లకు ఏమవుతుందో పారాబెన్ల కథ చూడండి. 1920ల నుంచి వాడుకలో ఉన్న కాపలాదారులు అవి. 2004లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఇరవై రొమ్ము కణితుల నమూనాల్లో వాటి జాడ కనిపించిందని ప్రచురించారు. క్యాన్సర్‌కి అవే కారణమని ఆ పరిశోధన తేల్చలేదు, ఆరోగ్యంగా ఉన్న కణజాలంతో పోల్చి చూడనూ లేదు. అయినా భయం గుప్పుమంది. చాలా కంపెనీలు ‘పారాబెన్-ఫ్రీ’ అని ముందువైపు ముద్రించి, లోపల మిథైల్ఐసోథయజోలినోన్ అనే ఇంకో కాపలాదారుణ్ణి పెట్టాయి. దానితో యూరప్‌లో చర్మ ఎలర్జీలు విరుచుకుపడ్డాయి. 2013లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దాన్నే ఆ ఏటి ఎలర్జీ కారకంగా ప్రకటించింది. ఒంటి మీద ఉండిపోయే ఉత్పత్తుల్లో యూరోపియన్ యూనియన్ దాన్ని 2017 నుంచి నిషేధించింది. అదే సొసైటీ 2019లో పారాబెన్లను ఆ ఏటి ‘ఎలర్జీ కారకం కానిది’గా ఎంపిక చేసింది! అలాగని పారాబెన్లన్నీ ఒక గాటన కట్టవలసినవీ కావు. సరైన భద్రతా సమాచారం లేదని 2014లో యూరప్ ఐదు రకాలను తీసేసింది. ప్రొపైల్, బ్యూటైల్ రకాలను మూడేళ్లలోపు పిల్లలకు డైపర్ కట్టే చోట రాసే క్రీముల్లో వద్దంది. ఒక్క ‘ఫ్రీ’ అన్న మాటలో ఇంత కథ ఎక్కడ పడుతుంది?

కాబట్టి ముందువైపు చదవడం మానండి. అది వాళ్లు చెప్పాలనుకున్నది. వెనకవైపున్న సరుకుల జాబితా చెప్పక తప్పనిది.

ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. బాత్రూమ్ అరలో ఉన్నవన్నీ బకెట్‌లో వేసుకుని గుమ్మం దగ్గర వెలుతుర్లో కూర్చోండి. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, ఫోన్ కెమెరాతో పెద్దవి చేసుకోండి. ఎక్కువ పాళ్లలో ఉన్న సరుకు పేరే ముందుంటుంది. మొదటి పేరు ‘ఆక్వా’ అయితే అవి నీళ్లు, అంటే చివర్లో ఎక్కడో కాపలాదారు ఉండటం దాదాపు ఖాయం. ఫినాక్సీఇథనాల్, సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ తరచూ కనిపిస్తాయి. డీఎండీఎం హైడాంటోయిన్, ఇమిడజోలిడినైల్ యూరియా అని ఉంటే ఆగండి. అవి కొద్దికొద్దిగా ఫార్మాల్డిహైడ్‌ని వదిలే రకం. దురదలు, దద్దుర్లు వచ్చే ఒళ్లయితే వాటిని మొదట పక్కన పెట్టండి.

ఇప్పుడు రెండు కుప్పలు చెయ్యండి. కడిగేసేవి ఒకటి, ఒంటి మీదే ఉండిపోయేవి ఒకటి. మార్పు రెండో కుప్పతో మొదలుపెట్టండి. షాంపూ ఒంటి మీద ఉండేది రెండు నిమిషాలు, లోషన్ రోజంతా. చలికాలం లోషన్ బదులు స్నానం అయ్యాక తడి ఆరకముందే నాలుగు చుక్కల కొబ్బరినూనో నువ్వులనూనో రాసుకుంటే చాలామందికి సరిపోతుంది. నూనెలో నీళ్లు లేవు, కాపలా అక్కర్లేదు. బాడీవాష్ బదులు సబ్బుబిళ్ల. కొనక తప్పని క్రీము ఉంటే చిన్నది కొనండి, వేలు ముంచే డబ్బా కన్నా పిండుకునే ట్యూబు మేలు. మూత తెరిచిన డబ్బా బొమ్మలో ‘6ఎం’ అని ఉంటే తెరిచాక ఆరు నెలలని అర్థం. తెరిచిన తేదీ మార్కర్‌తో సీసా మీదే రాసేయండి, మనకి గుర్తుంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. కొత్తది ఏదైనా మోచేతి మడతలో రోజుకి రెండుసార్లు చొప్పున వారం పదిరోజులు రాసి చూశాకే మొహం దాకా రానివ్వండి. అప్పటికీ దద్దుర్లు తగ్గకపోతే చర్మవైద్యుల దగ్గర వీపు మీద అతికించి చేసే ప్యాచ్ పరీక్ష ఉంది.

కంటి దగ్గర మాత్రం సొంత ప్రయోగాలు వద్దు. నిమ్మరసం పూసుకుని ఎండలోకీ వెళ్లకండి, చర్మం కమిలి నల్లమచ్చలు పడతాయి. సహజమైనదే, నిమ్మకాయే!

మా నాయనమ్మ తలంటి రోజు పొద్దున్నే కుంకుడుకాయలు కొట్టి, వేడినీళ్లలో నానేసి, అప్పటికప్పుడు పులిమి రసం తీసేది. మిగిలితే పట్టుచీరకో మెళ్లో గొలుసుకో వాడేది. మర్నాటికి దాచడం నేను చూడలేదు. సున్నిపిండిలో పెసలు, కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్లు అన్నీ గలగలలాడేలా ఎండాకే మరకి వెళ్లేవి. దానికి నీళ్లు తగిలేది మన అరచేతిలోనే. నిలవ మందు లేకుండా బతకడానికి ఆవిడ దగ్గరున్న కిటుకంతా అంతే: పొడిగా ఉంచు, లేదంటే అవాళ్టికే చెయ్యి.

మొన్న హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి ఒక డబ్బా సున్నిపిండి పంపాను. పది రోజులకి ఫోన్.

“అమ్మా, ఉండలు కట్టి వాసనొస్తోంది. ఎక్స్‌పైరీ అయిపోయిందా?”

“ఎక్కడ పెట్టావే?”

“బాత్రూమ్‌లోనే, షవర్ కింద.”

స్పీకర్‌లో అంతా వింటున్న అత్తయ్యగారు తలెత్తకుండానే అన్నారు. “తడి చెయ్యి పెట్టి ఉంటుంది. తల్లి పోలిక.”