దీపానికి చమురు

ఉద్దేశం

బోధన బుద్ధితో పాటు మనస్సుతోనూ జరిగే పని. బోధించే మనస్సు అలసిపోతే ఆ ప్రభావం తరగతి గదిలోని ప్రతి విద్యార్థి మీదా పడుతుంది. ఉపాధ్యాయుల మనోధైర్యం విద్యాలయం, సమాజం, విద్యార్థులు కలిసి కాపాడుకోవలసిన సంపద అని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగునాట అనేక పాఠశాలల్లో ఏటా స్వపరిపాలన దినోత్సవం జరుగుతుంది. ఆ ఒక్కరోజు పై తరగతుల విద్యార్థులే ఉపాధ్యాయులవుతారు. ఆడపిల్లలు చీరలు కట్టుకొని, మగపిల్లలు ఇస్త్రీ చొక్కాలు తొడుక్కొని, చేతిలో సుద్దముక్కతో, హాజరుపట్టీతో తరగతులకు వెళతారు. ఉదయం ఎంతో ఉత్సాహంగా ఉంటుంది. మూడో పీరియడ్ నాటికి గొంతు బొంగురుపోతుంది. వెనుక వరుసలో అల్లరి ఆగదు. అర్థం కాలేదని ఒకరు, నోటుపుస్తకం పోయిందని మరొకరు, పక్కవాడు గిల్లాడని ఇంకొకరు లేచి నిలబడతారు. సాయంత్రం సభలో అనుభవాలు చెప్పమన్నప్పుడు, పంతులు పని ఇంత కష్టమని తెలియదని ఎవరో ఒకరు తప్పక అంటారు. సభ నవ్వుతుంది. మరునాటికి ఆ మాట అందరూ మరచిపోతారు.

మరచిపోదగిన మాట కాదది. ఒక్కరోజు బోధనకే అలసిన విద్యార్థి మరునాడు తన బల్ల దగ్గరికి తిరిగి వెళతాడు. ఉపాధ్యాయుడు మాత్రం పాతికేళ్ళో, ముప్పై ఏళ్ళో ఆ నల్లబల్ల ముందే నిలబడాలి. ఆ అలసటను ఆయన ఎక్కడ దించుకుంటారన్నది విచారించవలసిన విషయం.

కనిపించని శ్రమ

చెమటోడ్చే శ్రమ కంటికి కనిపిస్తుంది. మనస్సు పడే శ్రమ కనిపించదు. అమెరికాకు చెందిన సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో వెలువరించిన గ్రంథంలో ఈ శ్రమను చర్చించారు. విమానాలలో ప్రయాణికులకు సేవలందించే యువతులను ఆమె పరిశీలించారు. ప్రయాణికుడు కసురుకున్నా వారు చిరునవ్వు చెదరనీయకూడదు. ఉద్యోగం కోసం లోపలి భావాన్ని అణచుకొని, కోరిన భావాన్ని ముఖం మీద నిలుపుకోవడం కూడా శ్రమే అని ఆమె నిరూపించారు. దీనిని తెలుగులో భావశ్రమ అనవచ్చు.

ఉపాధ్యాయ వృత్తిలో భావశ్రమ అడుగడుగునా ఉంటుంది. ఇంట్లో తల్లి జబ్బుతో మంచం పట్టి ఉన్నా, గంట మోగగానే ఆ దిగులును గుమ్మం వద్దనే వదిలి పాఠం మొదలుపెట్టాలి. నాలుగోసారి అదే ప్రశ్న అడిగిన విద్యార్థికి మొదటిసారి విన్నట్టుగానే సమాధానం చెప్పాలి. ఆకలితో వచ్చిన పిల్లవాడిని, ఇంటి గొడవలతో మూగబోయిన పిల్లను గుర్తించి ఓదార్చాలి. ఫలితాలు తగ్గితే యాజమాన్యానికి, మార్కులు తగ్గితే తల్లిదండ్రులకు జవాబు చెప్పుకోవాలి. ఇవేవీ కాలపట్టికలో రాసి ఉండవు.

ఈ భారం నిరంతరం సాగి, విశ్రాంతి, ఊరట లభించకపోతే మనస్సు క్రమంగా వట్టిపోతుంది. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త 1974లో ఈ స్థితిని వర్ణించారు. న్యూయార్కులో పేదలకు ఉచిత వైద్యం అందించే కేంద్రంలో స్వచ్ఛందంగా పనిచేసేవారు కొంతకాలానికి నీరసించిపోవడం ఆయన గమనించారు. ఆ తరువాత క్రిస్టినా మాస్లాక్ దీనిపై విస్తృతంగా పరిశోధించారు. ఆమె పరిశోధనలను బట్టి ఈ స్థితికి మూడు లక్షణాలు ఉన్నాయి. మొదటిది తీరని అలసట. రెండవది తాము సేవ చేయవలసిన మనుషుల పట్లనే విముఖత. మూడవది తమ పని వల్ల ప్రయోజనం లేదన్న నిస్పృహ.

ఉత్సాహంగా పాఠం చెప్పే ఉపాధ్యాయుడు కొన్నాళ్ళకు నోట్సు చదివి వినిపించి వెళ్ళిపోవడం, సౌమ్యురాలైన ఉపాధ్యాయిని చిన్న తప్పుకే మండిపడడం విద్యార్థులకు తెలియని దృశ్యాలు కావు. వాటిని సోమరితనంగానో, కోపిష్ఠితనంగానో భావించడం సులభం. అయితే వాటి వెనుక అలసిన మనస్సు ఉండే అవకాశం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ స్థితిని వ్యాధిగా కాక, పనిచేసే చోట దీర్ఘకాలం సాగిన ఒత్తిడి వల్ల కలిగే వృత్తి సంబంధమైన స్థితిగా పేర్కొన్నది. కారణం పని పరిస్థితుల్లో ఉన్నప్పుడు నివారణను కూడా అక్కడే వెతకాలి.

గౌరవం వేరు, ఆసరా వేరు

గురువును దైవంతో సమానంగా భావించడం మన సంప్రదాయం. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1921లో మైసూరు విడిచి కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళ్ళేటప్పుడు విద్యార్థులు ఆయన బండిని పూలతో అలంకరించి, తామే లాగుతూ రైల్వేస్టేషను వరకు తీసుకువెళ్ళారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 5ను ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఇవి మన సంస్కారానికి నిదర్శనాలు.

అయితే ఈ గౌరవానికి మరొక పార్శ్వం ఉంది. దైవానికి అలసట ఉండకూడదు. కాబట్టి దైవంగా పూజలందుకొనే మనిషి తనకు కష్టంగా ఉందని చెప్పుకోలేడు. త్యాగమే వృత్తిధర్మమని పొగిడేవారి ముందు జీతం అందలేదని అడగడం కూడా చిన్నతనంగా తోస్తుంది. ఒక్కరోజు వేసిన పూలదండ మిగిలిన రోజుల భారాన్ని తగ్గించదు.

కోవిడ్ కాలం ఈ సత్యాన్ని అందరికీ చూపింది. 2020 మార్చిలో విద్యాలయాలు మూతపడ్డాయి. ఉభయ తెలుగు రాష్ట్రాలలో ఎందరో ప్రైవేటు ఉపాధ్యాయులకు జీతాలు ఆగిపోయాయి. నిన్నటి వరకు లెక్కలు చెప్పినవారు కూరగాయలు అమ్మారు. ఉపాధి హామీ పనులకు వెళ్ళారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. కూలి పని తక్కువైనది కాదు. కానీ తనను సార్ అని పిలిచిన పిల్లల ఎదుట తలవంచుకొని నడవవలసి వచ్చిన మనిషి పడిన వేదన బియ్యంతో మాత్రమే తీరేది కాదు. ఆనాడు పాత విద్యార్థులు, తోటి ఉపాధ్యాయులు వచ్చి పలకరించిన చోట ఆ మనిషి కొంత తేరుకున్నాడు. ఎవరూ రాని చోట ఒంటరిగా కుమిలిపోయాడు.

తట్టుకొనే శక్తి ఎక్కడిది?

కష్టాన్ని తట్టుకొని తిరిగి నిలబడే శక్తి కొందరికి పుట్టుకతో వస్తుందని చాలామంది భావిస్తారు. హవాయి దీవులలోని కవాయి దీవిలో జరిగిన పరిశోధన ఈ భావనను సవరించింది. 1955లో ఆ దీవిలో జన్మించిన సుమారు 700 మంది పిల్లల జీవితాలను ఎమీ వెర్నర్, ఆమె సహచరులు దశాబ్దాలపాటు గమనించారు. పేదరికం, కుటుంబ కలహాలు వంటి తీవ్రమైన కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో దాదాపు మూడోవంతు మంది సమర్థులైన పెద్దలుగా ఎదిగారు. వారికి తోడ్పడినవాటిలో ముఖ్యమైనది, వారిని పట్టించుకొనే మనిషి కనీసం ఒకరు ఉండడం. ఆ మనిషి కొందరికి అమ్మమ్మ, కొందరికి ఇరుగుపొరుగు, మరికొందరికి ఉపాధ్యాయులు.

పిల్లలకు అటువంటి ఆసరాగా నిలిచే ఉపాధ్యాయునికి కూడా ఒక ఆసరా కావాలి. తెలుగువారి చరిత్రలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉంది.

గిడుగు వేంకట రామమూర్తి 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ పరిసరాల కొండల్లో నివసించే సవరలకు చదువు చెప్పాలనే తలంపుతో వారి భాష నేర్చుకున్నారు. సవర భాషలో పుస్తకాలు రాశారు. సొంత ఖర్చుతో బడులు నడిపారు. అడవుల్లో తిరగడం వల్ల మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతిన్నది. పాఠం చెప్పి బతికే మనిషికి వినికిడి పోవడం ఎంత దెబ్బో ఊహించవచ్చు.

1906–07 ప్రాంతంలో జె.ఎ. యేట్సు అనే ఆంగ్లేయుడు ఉత్తరకోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. ప్రజలు మాట్లాడే తెలుగుకు, పుస్తకాలలోని తెలుగుకు ఇంత తేడా ఎందుకు ఉండాలనే సందేహం ఆయనకు కలిగింది. విశాఖపట్నంలోని ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలోని గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలోని గిడుగు ఈ చర్చలో ఒకరికొకరు తోడయ్యారు. గురజాడ గిడుగుకు సహాధ్యాయి కూడా. ఆ కలయిక నుంచే వ్యావహారిక భాషోద్యమం బలపడింది. పండితులు తీవ్రంగా ఎదిరించారు. 1915లో గురజాడ కన్నుమూశారు. అయినా గిడుగు వెనుదిరగలేదు. 1919లో ‘తెలుగు’ అనే పత్రికను ప్రారంభించి పోరాటం కొనసాగించారు.

గిడుగు పట్టుదల అసాధారణమైనది. ఆ పట్టుదలకు అండగా నిలిచినవారిని కూడా గుర్తుంచుకోవాలి. ప్రశ్నను చిన్నబుచ్చకుండా విన్న అధికారి, కలిసి ఆలోచించిన ప్రిన్సిపాలు, మనస్సు తెలిసిన స్నేహితుడు ఆయనకు లభించారు. గట్టి మనిషికే తోడు అవసరమైనప్పుడు, సామాన్య ఉపాధ్యాయునికి ఇంకెంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

చమురు పోసే చేతులు

ఆసరా కల్పించే మార్గాలు మనకు తెలియనివి కావు. 1980వ దశకంలో ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో ప్రారంభమైన ప్రాథమిక విద్యా పథకం కింద ఉపాధ్యాయ కేంద్రాలు ఏర్పడ్డాయి. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు అక్కడ కలుసుకొని తమ అనుభవాలను పంచుకొనేవారు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒంటరిగా పనిచేసే వ్యక్తికి తన చిక్కు మరొకరికీ ఉన్నదని తెలియడమే పెద్ద ఊరట. ఇటువంటి సమావేశాలు ఉత్తర్వులు చదివి వినిపించే వేదికలుగా మారితే వాటి ప్రయోజనం నెరవేరదు.

జపాన్‌లో ఉపాధ్యాయులు కొందరు కలిసి ఒక పాఠాన్ని రూపొందిస్తారు. ఒకరు బోధిస్తుంటే మిగిలినవారు విద్యార్థులు ఎలా నేర్చుకుంటున్నారో గమనిస్తారు. ఆ తరువాత అందరూ చర్చిస్తారు. పాఠం ఫలించకపోతే దానిని బోధించినవారి తప్పుగా చూడరు. ఆ పాఠాన్ని ఎలా మార్చాలని ఆలోచిస్తారు. నింద పంచుకున్నప్పుడు బరువు తగ్గుతుంది.

చట్టం కూడా కొంత అండనిచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో 30 మంది విద్యార్థులకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలని నిర్దేశించింది. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప ఇతర బోధనేతర పనులకు ఉపాధ్యాయులను నియోగించరాదని శాసించింది. మానసిక వేదనలో ఉన్న ఎవరైనా మాట్లాడేందుకు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలీమానస్ సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఉపాధ్యాయుడైనా, విద్యార్థి అయినా ఫోను చేయవచ్చు. సహాయం కోరడం బలహీనత కాదని పిల్లలకు చెప్పే ఉపాధ్యాయుడు, ఆ మాటను తనకూ చెప్పుకోగలగాలి.

విద్యార్థుల పాత్ర చిన్నదే కాని విలువైనది. ఉపాధ్యాయుని కష్టాలు తీర్చడం వారి బాధ్యత కాదు. కానీ పాఠం అర్థమైన రోజున ఆ మాట చెప్పవచ్చు. అలసిన గొంతును అనుకరించి నవ్వకుండా ఉండవచ్చు. చదువు ముగిసిన తరువాత ఒక ఉత్తరం రాయవచ్చు. తన పని వల్ల ప్రయోజనం లేదన్న నిస్పృహకు పాత విద్యార్థి ఉత్తరాన్ని మించిన జవాబు లేదు.

ఇంటర్మీడియట్ పూర్తిచేసినవారిలో కొందరు ఉపాధ్యాయ శిక్షణకు వెళతారు. స్వపరిపాలన దినోత్సవం నాడు ఒక్కరోజు పట్టుకున్న సుద్దముక్కను వారు జీవితాంతం పట్టుకోబోతున్నారు. దీపం ఇతరులకు వెలుగునిస్తుందని అందరూ చెబుతారు. చమురు తరిగిపోతున్నదని చూసి పోసేవారు ఉన్న ఇంట్లోనే ఆ దీపం తెల్లవారేదాకా వెలుగుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

విముఖత = ఇష్టం లేకపోవడం
నిస్పృహ = ఆశ కోల్పోవడం
పార్శ్వం = పక్క
సహాధ్యాయి = కలిసి చదువుకున్న వ్యక్తి
బోధనేతర = బోధనకు సంబంధించని
నియోగించు = పనికి పెట్టు

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఉపాధ్యాయ వృత్తిలోని భావశ్రమను సోదాహరణంగా వివరించండి.
2. కష్టాన్ని తట్టుకొనే శక్తికి తోడు అవసరమని గిడుగు జీవితం ఎలా తెలియజేస్తున్నది?

ఆ) కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. దైవానికి అలసట ఉండకూడదు.
2. నింద పంచుకున్నప్పుడు బరువు తగ్గుతుంది.

ఇ) కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. గిడుగు వినికిడి దెబ్బతినడానికి కారణమేమి?
2. కవాయి పరిశోధనలో పిల్లలకు తోడ్పడిన ముఖ్యమైన అంశం ఏది?

ఈ) సంధులు
దినోత్సవం = దిన + ఉత్సవం – గుణసంధి
విద్యాలయం = విద్యా + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి

ఉ) సమాసాలు
తల్లిదండ్రులు – తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
వృత్తిధర్మం – వృత్తి యొక్క ధర్మం – షష్ఠీ తత్పురుష సమాసం