క్యాబిన్‌లో కుంపటి, కాగితంలో గుండెపోటు

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా కోర్పనా తాలూకాలోని ఉప్పర్వాహి సిమెంటు ఊరు. అంబుజా సిమెంట్ మరాఠా ప్లాంటు ఉన్నది ఇక్కడే. పక్కనున్న గడ్చాందూర్, అవార్‌పూర్‌లలోనూ సిమెంటు ఫ్యాక్టరీలే. లోడు కోసం వరుసలో ఆగిన లారీవాళ్లకు క్యాబినే వంటిల్లు, క్యాబినే పడకగది. చలికాలం రాత్రుళ్లు ఈ ప్రాంతంలో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగుతుంది. బొగ్గుకు కొదవలేని జిల్లా కాబట్టి ఒక రేకు డబ్బాలో నాలుగు నిప్పులు వేసుకుని, అద్దాలు ఎక్కించి పడుకోవడం తేలిక. అలా పడుకున్న మనిషి తెల్లారి లేవకపోతే కాగితం మీద ‘నిద్రలో గుండెపోటు’ అని పడుతుంది. నష్టపరిహారం కోసం కుటుంబం న్యాయవాది దగ్గరికి వచ్చేసరికి పోస్ట్‌మార్టం రిపోర్టు ఉండదు, ఉన్నా అందులో రక్తపరీక్ష ఉండదు. ఇలాంటి దావాలు చట్టంలో బలం లేక ఓడిపోవడం లేదు. ఉన్న ఒక్క సాక్ష్యం చితి మీద కాలిపోవడం వల్ల ఓడిపోతున్నాయి. ఈ వ్యాసమంతా ఆ ఒక్క సంగతి గురించే.

ముందు ఆ చావు ఎలా వస్తుందో తెలియాలి. గాలి సరిగ్గా ఆడని చోట బొగ్గు, కట్టె, గ్యాస్, డీజిల్ ఏది మండినా కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు, ఆ పైన స్పృహ తప్పడం. నిద్రలో ఉన్నవాడికి మొదటి మూడూ తెలియనే తెలియవు. ఎర్రగా రగిలిన బొగ్గులకు పొగ రాదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు, ఎందుకంటే పొగ ఆగినా ఈ వాయువు ఆగదు. అద్దం రెండు వేళ్లు దించితే చాలన్న ధీమా కూడా అలాంటిదే. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటరును కూడా నమ్మవద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ పట్టిన దానిగానే లెక్కగట్టి, చావుబతుకుల్లో ఉన్న మనిషికీ మంచి అంకెలే చూపిస్తుంది.

ఇదంతా చలిదేశాల గొడవ అనేవాళ్లు చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్‌ను గుర్తు తెచ్చుకోవాలి. 2021 జులైలో అక్కడ కరెంటు పోయిందని రాత్రి ఇంట్లో జనరేటర్ నడిపి పడుకున్న ఒకే కుటుంబంలో ఆరుగురు చనిపోయారు. అది చలికాలం కాదు, వానాకాలం. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో గ్యాస్ హీటరు పెట్టుకుని హోటల్ గదిలో పడుకున్న ఎనిమిది మంది కేరళ యాత్రికులు చనిపోయారు. మన లారీ క్యాబిన్‌కు అన్నిటికంటే దగ్గరి కేసు కేరళలోని వడకరలో జరిగింది. 2024 డిసెంబర్ 23న రోడ్డు పక్కన ఆగి ఉన్న క్యారవాన్ బండిలో ఇద్దరు సిబ్బంది చనిపోయి కనిపించారు. పోలీసులు దాన్ని మామూలు చావుగా రాసి సరిపెట్టుకోలేదు. పోస్ట్‌మార్టం జరిగింది. కాలికట్ ఎన్‌ఐటీ నిపుణులు బండిని పరీక్షించి, జనరేటర్ పొగ బండి అడుగున ఉన్న రంధ్రం గుండా లోపలికి వచ్చిందనీ, రెండు గంటల్లో కార్బన్ మోనాక్సైడ్ 957 పీపీఎం దాకా చేరిందనీ తేల్చారు. ఎవరో ఒకరు అనుమానించి పరీక్ష చేయించారు కాబట్టే కారణం బయటపడింది. అదే బండి ఇక్కడ సిమెంటు లారీ అయి ఉంటే, ‘తాగి పడుకున్నారు’ అన్న ఒక్క మాటతో ఫైలు మూసేసేవాళ్లు.

ఇక చట్టం. జీతానికి పనిచేసే డ్రైవరు, క్లీనరు పనిలో ఉండగా, ఆ పని కారణంగా ప్రమాదంలో చనిపోతే యజమాని పరిహారం చెల్లించాలి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం చెప్పిందీ ఇదే, 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ చెబుతున్నదీ ఇదే. ప్రమాదం ఏ తేదీన జరిగిందో చూసి ఏది వర్తిస్తుందో న్యాయవాది నిర్ణయిస్తారు. ఇక్కడ బీమా కంపెనీ తరఫున మొదటి అభ్యంతరం సిద్ధంగా ఉంటుంది: బండి ఆగి ఉంది, మనిషి నిద్రపోతున్నాడు, అది డ్యూటీ ఎలా అవుతుంది? జవాబు సుప్రీంకోర్టు తీర్పుల్లోనే ఉంది. లారీ చల్లబరచడానికి నీళ్ల కోసం కాలువకు వెళ్లి జారిపడి మునిగిపోయిన డ్రైవరు పనిలో ఉండగానే చనిపోయాడని 2020లో పూనమ్ దేవి కేసులో ఆ కోర్టు తేల్చింది. దూరప్రయాణంలో ఒంట్లో బాగోలేక బండి పక్కకు ఆపి కుప్పకూలిన డ్రైవరు విషయంలోనూ పరమ్ పాల్ సింగ్ కేసులో అలాగే చెప్పింది. లోడు కోసం కాచుకుని, బండిని కనిపెట్టుకుని క్యాబిన్‌లో పడుకోవడం లారీ ఉద్యోగంలో భాగమే. అయితే ఇదే కోర్టు 2009లో మల్లికార్జున హిరేమఠ్ కేసులో, గుడి కోనేటి మెట్ల మీద నుంచి జారి చనిపోయిన డ్రైవరు చావుకూ ఉద్యోగానికీ సంబంధం రుజువు కాలేదని పరిహారం నిరాకరించింది. ఈ రెండు రకాల తీర్పుల మధ్య తేడా జాలి కాదు, రుజువు. చావుకు కారణం ఏమిటో, ఆ కారణానికీ పనికీ ముడి ఏమిటో చూపించగలిగినవాళ్లు గెలిచారు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిగా వినిపిస్తుంది: కుంపటి పెట్టుకున్నది అతనే కదా, పైగా మందు తాగి ఉన్నాడట! కుటుంబ సభ్యులు సిగ్గుపడి వెనక్కి తగ్గేది ఇక్కడే. తగ్గవలసిన పని లేదు. తాగి ఉండటం, యజమాని ఆదేశాన్ని కావాలని ధిక్కరించడం లాంటి కారణాలు చూపి యజమాని తప్పించుకునే వీలు గాయాల కేసుల్లోనే ఉంది. చావుకు, శాశ్వత పూర్తి అంగవైకల్యానికి ఆ మినహాయింపు వర్తించదని పాత చట్టం 3వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది, కొత్త కోడ్ కూడా అదే మాట నిలుపుకుంది. కాబట్టి ‘తాగాడు’ అన్న మాటకు భయపడి పోస్ట్‌మార్టం వద్దనుకోవడం అంటే, మీకు లేని నష్టానికి భయపడి ఉన్న హక్కును పారేసుకోవడమే.

అసలు ఉచ్చు ఇప్పుడు చెప్పబోయేది. పోలీసులు మర్గ్ (ప్రమాద మరణం కేసు) నమోదు చేస్తారు, పంచనామా మరాఠీలో రాస్తారు. తెలుగు ఊరి నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన తమ్ముడో మామో, చదవడం రాని కాగితం మీద సంతకం పెడతాడు. అందులో ‘ఆయనకు గుండెజబ్బు ఉండేది, మాకు ఎవరి మీదా అనుమానం లేదు, పోస్ట్‌మార్టం అక్కర్లేదు’ అని ఉంటుంది. రాసిన అధికారికి పని తేలిక, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు అంతకంటే తేలిక. రెండేళ్ల తర్వాత కోర్టులో ఆ సంతకమే మీ మీద సాక్ష్యం. చదివి వినిపించనిదే, తెలుగులో అర్థం చెప్పనిదే సంతకం పెట్టకండి. చావుకు కారణంపై ఏ సందేహం ఉన్నా శవాన్ని వైద్యాధికారి పరీక్షకు పంపాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ చెబుతోంది. ఆ సందేహాన్ని మీరే రాతపూర్వకంగా ఇవ్వండి: ‘క్యాబిన్‌లో బొగ్గులు ఉన్నాయి, విషవాయువు అని అనుమానం, రక్తంలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి’ అని. పోస్ట్‌మార్టం ఒక్కటే చాలదు. అవయవాల ముక్కలు ఉప్పునీటిలో పెట్టి పంపితే ఈ వాయువు సంగతి తేలదు, రక్తం విడిగా తీసి గాలి చొరబడకుండా సీలు చేయాలి. క్యాబిన్‌లోని డబ్బా, బూడిద, మూసి ఉన్న అద్దాలు ఎవరూ కదపకముందే ఫొటోలు తీయించండి. శవాన్ని కోయించడం పాపం అనేవాళ్ల బాధ అర్థమవుతుంది, కానీ భార్యాబిడ్డల బతుకు వీధిన పడేయడం అంతకంటే పెద్ద పాపం. ఆలస్యమవుతుందన్న భయమూ పాతబడింది. సదుపాయాలున్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్ట్‌మార్టం చేయడానికి కేంద్రం 2021 నవంబర్‌లోనే అనుమతించింది. మళ్లీ చెబుతున్నాను, దహనం అయ్యాక ఏ న్యాయవాదీ ఏమీ చేయలేడు.

‘ఓనరు మంచివాడు, ఖర్చులకు యాభై వేలు ఇచ్చాడు, కేసెందుకు’ అనేవాళ్లు లెక్క చూడాలి. 2020 జనవరి నోటిఫికేషన్ ప్రకారం నెలజీతాన్ని 15,000 రూపాయల వరకు లెక్కలోకి తీసుకుంటారు. అందులో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు. 35 ఏళ్ల డ్రైవరుకు ఆ గుణకం 197.06. అంటే 14,77,950 రూపాయలు. లారీ పాలసీ డ్రైవరును కవర్ చేస్తే అది ఓనరు జేబులోంచి కాదు, బీమా కంపెనీ నుంచి వస్తుంది. చావు కేసులో పరిహారం కమిషనర్ దగ్గర జమ చేయాల్సిందే, మూడు నెలల జీతం దాకా ఇచ్చే అడ్వాన్సు తప్ప చేతికిచ్చిన సొమ్ము పరిహారం కిందికి రాదు. ‘ఇక ఏ హక్కూ లేదు’ అని రాయించుకున్న కాగితానికీ విలువ లేదు. పాత చట్టం కింద కేసు వేయడానికి చంద్రపూర్ దాకా తిరగనక్కర్లేదు, మీరు నివసించే చోటి కమిషనర్ దగ్గరే వేయవచ్చు. గడువు రెండేళ్లు. మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లదలిస్తే ఆరు నెలల్లో వెళ్లడం క్షేమం. అయితే రెంటిలో ఒకటే ఎంచుకోవాలి. అపాయింట్‌మెంట్ లెటరు లేదని దిగులుపడవద్దు. ఫ్యాక్టరీ గేటు ఎంట్రీ, వే బిల్లు, ఓనరు ఫోన్‌లో పంపిన డబ్బుల వివరాలు ఉద్యోగాన్ని రుజువు చేస్తాయి. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా కింద వచ్చే 2 లక్షలకు కూడా ప్రమాదమేనని తేల్చే కాగితాలు కావాలి.

కేసు గెలవడం కంటే మనిషి బతకడం మేలు. క్యాబిన్‌లో, క్యారవాన్‌లో, తలుపులు మూసిన గదిలో బొగ్గులు గానీ గ్యాస్ స్టవ్ గానీ వెలిగించుకుని పడుకోకండి. దుప్పటి మీద దుప్పటి కప్పుకోండి. జనరేటర్‌ను కనీసం ఇరవై అడుగుల దూరంలో పెట్టండి. బండి అడుగున రంధ్రాలు, సైలెన్సర్ లీకులు పూడ్పించండి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనివ్వడం లారీ ఓనర్లకు పెద్ద ఖర్చు కాదు. ఎవరైనా స్పృహ తప్పి కనిపిస్తే ముందు బయటి గాలికి లాగి, 108కి ఫోన్ చేసి, బొగ్గుల సంగతి డాక్టరుకు చెప్పి ఆక్సిజన్ పెట్టించండి. ఇంత చేసినా ప్రాణం దక్కకపోతే, రక్తపరీక్షకు నమూనా తీశారని రాతలో చూసుకున్నాకే శవాన్ని ఊరికి తెచ్చుకోండి.