మలంచాలో ఉండి బొమ్మలు వేస్తే: సందేహాలు, సమాధానాలు

స్వతంత్రంగా బొమ్మలు వేసుకుని బతకడం గురించి పాఠకులు పంపిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు. సగానికి పైగా పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ నుంచే వచ్చాయి. నేనూ ఆ ఊరి మలంచా పేటలోనే ఉంటూ పుస్తకాలకీ పత్రికలకీ బొమ్మలు వేస్తాను కాబట్టి, జవాబులు ఈ ఊరి చుట్టూ తిరిగితే మిగతా ఊళ్లవాళ్లు ఏమీ అనుకోవద్దు.

*ప్రశ్న: మాది మలంచా. బొమ్మలంటే ప్రాణం. కానీ రైల్వే క్వార్టర్లు, వర్క్‌షాపు, బజారు తప్ప ఈ ఊళ్లో చూడ్డానికి ఏముందండీ? మీకు ఊహలు ఎక్కణ్ణించి వస్తాయి? కలకత్తాకో హైదరాబాదుకో వెళ్లిపోతే తప్ప పైకి రాలేమా?*
— డిగ్రీ విద్యార్థిని, మలంచా

జవాబు: మీ వీధిలోంచే మొదలుపెడదామమ్మా. సంక్రాంతికి మన తెలుగువాళ్ల వాకిలినీ, లక్ష్మీపూజ నాడు పక్కింటి బెంగాలీవాళ్ల గడపనీ గీసి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మన ముగ్గు పొడిపిండితో పడుతుంది. ముందు చుక్కలు, తర్వాత చుక్కల మధ్య గీత. బొటనవేలూ చూపుడువేలూ కలిపి వదిలే ఆ గీతకి అంచులు కాస్త చెదురుతాయి కానీ లెక్క తప్పదు. వాళ్ల ఆల్పనకి బియ్యం నానబెట్టి రుబ్బి, పల్చగా కలిపి, అందులో ముంచిన గుడ్డపేలికని చేతిలో పట్టుకుని వేలి మీదుగా పిండినీళ్లు జారుస్తారు. చుక్కల్లేవు. తీగ ఎటు సాగితే చెయ్యి అటు పోతుంది. తడి మీద సరిగ్గా కనిపించదు, ఆరేకొద్దీ తెల్లగా తేలుతుంది. మధ్యలో లక్ష్మి పాదాలు. ఈ రెండు గీతలూ ఒకే వీధిలో చూస్తూ పెరిగే అవకాశం ఎంతమందికి ఉంటుంది? నా బొమ్మల్లో చీర అంచులు, చెట్ల కొమ్మలు, జడలు, ముడులు అన్నీ ఈ రెంటి దగ్గర నేర్చుకున్నవే.

ఇక వర్క్‌షాపు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి మనవాళ్లు ఇక్కడికి వచ్చింది ఆ పనికోసమే. షిఫ్టు దిగే వేళ గేటుకి ఎదురుగా పుస్తకం పట్టుకుని నిలబడండి. సైకిలు నిలిపి ఒక కాలు నేలకి ఆన్చినవాడి నడుము ఎలా వంగుతుంది, హ్యాండిలుకి టిఫిను వేలాడుతుంటే భుజం ఎటు దిగుతుంది, ఇద్దరు మాట్లాడుకుంటూ నడుస్తుంటే ఎవరి సైకిలు ఎవరికి అడ్డం వస్తుంది: ఇవి ఏ పుస్తకమూ నేర్పదు. మాతా పూజ ఊరేగింపు వచ్చినప్పుడు ఘటం ఎత్తుకున్నవాళ్ల మెడ గమనించండి. బరువంతా అక్కడే ఉంటుంది. మెడ కుదిరిందంటే బొమ్మ కుదిరినట్టే.

ఇంకా దూరం వెళ్లాలనిపిస్తే హౌరా లోకల్ ఎక్కండి. జక్‌పూర్, మాద్‌పూర్, శ్యామ్‌చక్ దాటితే బాలిచక్. అక్కణ్ణించి పింగ్లా వైపు వెళ్తే నయా అనే ఊరు. అక్కడ చుట్టగా చుట్టే పటచిత్రాలు వేసేవాళ్ల ఇంటిపేరు చిత్రకర్. చాలామంది ముస్లింలు, మనసాదేవి కథా వేస్తారు, రామాయణమూ వేస్తారు, సునామీ కూడా వేశారు. నీలానికి శంఖుపూలు, పచ్చకి పసుపుకొమ్ము, ఆకుపచ్చకి చిక్కుడాకు, నలుపుకి దీపం మసి, రంగు అంటుకోవడానికి మారేడుకాయ జిగురు. చుట్ట చినగకుండా వెనక పాత చీర గుడ్డ అతికిస్తారు. చుట్ట విప్పుకుంటూ, గడి గడికీ వేలు పెట్టి చూపిస్తూ కథని పాడతారు.

పుస్తకాలకి బొమ్మలు వేయాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి బడి లేదని నా గట్టి నమ్మకం. ఒక గడిలో ఒకే సంఘటన. గుంపులో చివర నిలబడ్డవాడికీ అందేలా పెద్ద కళ్లు. గడికీ గడికీ మధ్య పూల అంచు, అంటే కథ అక్కడ ఊపిరి పీల్చుకుంటుంది. కథని ఎక్కడ విరవాలి, ఏది వేయకుండా పాటకి వదిలేయాలి అన్నది వాళ్ల చేతివేళ్లకి తెలుసు. మన తెలంగాణలో చేర్యాల నకాషీలు కథ చెప్పేవాళ్లకి వేసిచ్చే పటాలదీ ఇదే పద్ధతి. వీలైతే రెండూ చూడండి.

ఊరు మారాలా అన్నారు. వడ్డాది పాపయ్య గారు 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. కశింకోటలో డ్రాయింగు మాస్టారుగా ఉంటూనే చందమామ, యువ పత్రికలకి ముఖచిత్రాలు వేశారు. ఆ రోజుల్లో తపాలా తప్ప ఇంకో దారి లేదు. ఇవాళ మీ చేతిలో ఫోను ఉంది. ఊరు మారడం వల్ల పరిచయాలు పెరుగుతాయి, అది నిజం. చూపు మాత్రం పెరగదు.

*ప్రశ్న: చిన్నప్పట్నుంచి బాపు గారి బొమ్మలు చూసి వేస్తున్నాను. ఇప్పుడేం వేసినా "బాపు బొమ్మలా ఉంది" అంటున్నారు. మొదట్లో పొంగిపోయాను, ఇప్పుడు గుబులుగా ఉంది. సొంత గీత ఎలా వస్తుంది?*
— శ్రీకాకుళం నుంచి ఒక సోదరుడు

జవాబు: గుబులు పుట్టిందంటే దారిలో పడ్డట్టే తమ్ముడూ. చూసి వేయడం తప్పు కాదు, చెయ్యి అలాగే తిరుగుతుంది. అయితే బాపు గారి గీతలో కనిపించే వంపుని తీసుకున్నారు కానీ, ఆయన వదిలేసిన వాటిని గమనించలేదనిపిస్తోంది. ముఖంలో ఎన్ని గీతలు మానేశారో లెక్కపెట్టండి. ఆ పొదుపు వెనక పత్రికల్లో రాజకీయ కార్టూన్లు, ప్రకటనల కంపెనీలో పని, గడువు తరుముతుంటే వేసిన వేలాది బొమ్మలు ఉన్నాయి. వంపు ఆయనది, పొదుపు ఎవరైనా నేర్చుకోవచ్చు.

కొన్నాళ్లు ఆయనకి పూర్తిగా ఎదురుగా ఉన్నవాళ్లని చూడండి. 1930లో రవీంద్రుడి బెంగాలీ వాచకం సహజ్ పాఠ్‌కి నందలాల్ బోస్ వేసిన బొమ్మలు ఇక్కడి బెంగాలీ పిల్లలందరికీ కంఠతా వచ్చు. లినోలియం చెక్కి అచ్చొత్తినవి. అక్కడ గీత లేదు, నల్లటి ముద్దా తెల్లటి ఖాళీ మాత్రమే. చందమామలో విక్రమార్కుడి భుజం మీద బేతాళుణ్ణి వేసిన శంకర్ గారు ప్రతి రాయినీ ప్రతి ఊడనీ వేస్తారు. బాపు గారు వదిలేసే చోటే ఆయన ఆగి కూర్చుంటారు. జామినీ రాయ్ పాశ్చాత్య పద్ధతిలో రూపచిత్రాలు వేయడంలో ఆరితేరాక అదంతా పక్కన పెట్టి, పటచిత్రాలు వేసే పటువాల గీతలోకి వచ్చారు.

సత్యజిత్ రాయ్ గురించి ఒక మాట. పథేర్ పాంచాలి పిల్లల సంక్షిప్త ప్రతికి ఆయన బొమ్మలు వేశారు. ఆ నవల సినిమాగా ఆయన కళ్లకి కట్టింది అప్పుడే. ఆయన తీసిన ఆ సినిమా 1955లో వచ్చింది. మన బాపు గారూ ప్రకటనల కంపెనీ, పత్రిక, పుస్తకం దాటుకుని 1967లో సాక్షి తీశారు. ఇద్దరూ సన్నివేశాన్ని ముందు కాగితం మీద గీసుకున్నవాళ్లే. వీళ్లని పక్కపక్కన పెట్టి చూడటం నాకెప్పుడూ ఇష్టం.

ఒక సాధన చెబుతాను. మీ వీధిలో ఒక్క మనిషిని ఎంచుకోండి, బండి మీద పకోడీలు వేసే ఆయన అనుకోండి. కలంతో ఒకసారి, లావు కుంచెతో ఒకసారి, రంగు కాగితం కత్తిరించి అతికించి ఒకసారి. కత్తెరతో బాపు గారి వంపు రాదు. అక్కడ మీరే ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వస్తుంది.

*ప్రశ్న: ఒక ప్రచురణకర్తకి పిల్లల పుస్తకం కోసం బొమ్మలు వేసిచ్చాను. ఇప్పుడు అవే క్యాలెండరు మీద కనిపించాయి. అడిగితే "డబ్బు ఇచ్చేశాం కదా" అన్నారు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. నాకు హక్కు లేదా?*
— విశాఖపట్నం నుంచి

జవాబు: మీ ఉత్తరం చదివి బాధేసింది. ఇది ఒక్కరి కథ కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం కృతికి మొదటి హక్కుదారు దాన్ని సృష్టించినవారే. ఉద్యోగంలో భాగంగా వేస్తే యజమానిది అవుతుంది, మీరు ఉద్యోగి కాదు. అయితే 17వ సెక్షనులో ఒక మెలిక ఉంది: డబ్బిచ్చి వేయించుకున్న వర్ణచిత్రానికీ రూపచిత్రానికీ, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే మొదటి హక్కుదారు కావచ్చు. పుస్తకాల బొమ్మ ఈ మాట కిందికి వస్తుందా రాదా అన్న దగ్గరే గొడవలు మొదలవుతాయి. అందుకే కాగితం లేకుండా పని మొదలుపెట్టకండి.

19వ సెక్షను మీకు అండ. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లు, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే. పేరు తీసేసినా, బొమ్మని మీ పరువు పోయేలా మార్చినా 57వ సెక్షను కింద అడగొచ్చు. హక్కులు అమ్మేసినా ఇది మీ దగ్గరే ఉంటుంది. మీ విషయంలో పాత మెయిళ్లు, వాట్సాప్ సందేశాలు అన్నీ భద్రం చేసుకుని లాయరుని కలవండి. "పిల్లల పుస్తకానికి" అని ఎక్కడైనా వాళ్లే రాసి ఉంటే అది మీకు పనికొస్తుంది.

ఇకమీదట ఒక్క పేజీ చాలు. ఎన్ని బొమ్మలు, దేనికోసం, ఏ భాషల్లో, ఎన్ని ఏళ్లు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, సొమ్ము ఎప్పుడు, బయానా ఎంత, అసలు కాగితం ఎవరి దగ్గర ఉంటుంది, పేరు ఎక్కడ వేస్తారు. ఇవి అడిగితే పని పోతుందేమో అని భయపడతారు. అడిగినందుకే పోయే పని, చేశాక ఇంతకంటే ఎక్కువ బాధ పెడుతుంది.

*ప్రశ్న: రైల్వేలో పని చేస్తున్నాను. రాత్రిళ్లు బొమ్మలు వేస్తాను. ఒక పత్రిక అడుగుతోంది. ఉద్యోగానికి ఇబ్బందా?*
— నీమ్‌పురా, ఖరగ్‌పూర్

జవాబు: రైల్వే ఉద్యోగుల 1966 ప్రవర్తనా నియమావళిలో 15వ నియమం వ్యాపారానికీ వేరే కొలువుకీ ముందస్తు అనుమతి అడుగుతుంది. అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా సంబంధమైన పనికి, విధులకి అడ్డు రానంత వరకు, మినహాయింపు ఉంది. "అప్పుడప్పుడు" అన్నది ఎక్కడ ఆగుతుందో మీ పై అధికారి చెప్పాలి. ప్రతిఫలం తీసుకునే ముందు ఒక దరఖాస్తు రాసి జవాబు దగ్గర పెట్టుకోండి. ఉద్యోగం మానేయాలా అని మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను: తొందరపడకండి. నెల జీతం ఉన్నవాడు నచ్చని పనిని కాదనగలడు.

*ప్రశ్న: మేం ఇంట్లో తెలుగే మాట్లాడతాం, చదివింది బెంగాలీ మీడియం. తెలుగు చదవడం కొద్దిగా వచ్చు. తెలుగు పుస్తకాల ముఖచిత్రాలకి అక్షరాలు వేయాలని ఆశ. నావల్ల అవుతుందా?*
— ఒక చెల్లెలు, ఖరగ్‌పూర్

జవాబు: అవుతుందమ్మా, పైగా మీ దగ్గర ఒక సొత్తు ఉంది. బెంగాలీ అక్షరం పైన మాత్ర అనే అడ్డగీతకి వేలాడుతుంది. మన అక్షరం గుండ్రంగా కింద కూర్చుని తలకట్టు పెట్టుకుంటుంది. ఈ తేడా మీ చేతికి మా అందరికంటే బాగా తెలుస్తుంది. తలకట్టు ఎంత ఏటవాలుగా ఉండాలి, "క్ష్మి" లాంటి చోట ఒత్తులు ఎంత కిందికి దిగాలి, "ఘ"కీ "మ"కీ పొట్టలు ఎలా తేడా పడతాయి: వీటితో మొదలుపెట్టండి. బాపు గారి చేతిరాత అచ్చక్షరాలుగా కూడా వచ్చింది, చూడండి. కానీ దాంతోనే ఆగకండి. రైల్వే కాలనీల్లో పాత తెలుగు బోర్డులు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. కుంచెతో వేసిన అక్షరంలో చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఎత్తారో కనిపిస్తుంది. వెలిసిపోక ముందే ఫోటోలు తీసి, ఇంటికొచ్చి మళ్లీ వేయండి. వేసిన ప్రతి అక్షరాన్నీ తెలుగు బాగా చదివే పెద్దవాళ్లకి చూపించండి. తడుముకోకుండా చదివితేనే అది పాసైనట్టు.

*ప్రశ్న: ట్యాబ్లెట్టు కొనాలా, కాగితం మీదే వేయాలా?*
— రాజాం

జవాబు: ఏడాది పాటు కాగితం, తర్వాత మీ ఇష్టం. ట్యాబ్లెట్టులో వెనక్కి తీసుకునే మీట ఉంటుంది కాబట్టి గీత గీసే ముందు ఆలోచించడం తగ్గుతుంది. కొన్నాక ఒక జాగ్రత్త: అచ్చుకి వెళ్లే ఏ4 బొమ్మ 300 డిపిఐలో 2480 × 3508 పిక్సెళ్లు ఉండాలి, రంగులు సిఎంవైకెలో సరిచూసుకోవాలి. తెర మీద మెరిసే నీలం, ఆకుపచ్చ అచ్చులో చప్పబడతాయి.

*ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. "బొషే ఆఁకో" పోటీల్లో ఎప్పుడూ బహుమతి వస్తుంది. కానీ మాస్టారు నేర్పిన ఆ గుడిసె, కొండ, సూర్యుడు తప్ప ఇంకేం వేయడు. ఏం చేయమంటారు?*
— ఒక తల్లి, మలంచా

జవాబు: ఇక్కడ ప్రతి క్లబ్బూ పెట్టే ఈ కూర్చుని బొమ్మ వేసే పోటీలంటే నాకు గౌరవమే. వందమంది పిల్లలు మైదానంలో రంగులు పట్టుకుని కూర్చోవడం చూడముచ్చటగా ఉంటుంది. చిక్కంతా ముందే బట్టీ పట్టిన బొమ్మతో. మాస్టారిని మాన్పించకండి, వారంలో ఒక్కరోజు మాత్రం బహుమతి లేని బొమ్మ వేయించండి. అమ్మమ్మ ఉల్లిపాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చోబెట్టండి. బాగుందో లేదో చెప్పకండి, "అమ్మమ్మ ఈ చేత్తో ఏం పట్టుకుంది?" అని అడగండి. చూడకపోతే లేచి వెళ్లి చూసి వస్తాడు. రబ్బరు ఇవ్వకండి. నవంబరులో నయాలో పటచిత్రాల జాతర జరుగుతుంది, తీసుకెళ్లండి. వాడి వయసు పిల్లలే కొబ్బరిచిప్పల్లో రంగులు పెట్టుకుని అమ్మానాన్నల పక్కన కూర్చుని వేస్తుంటారు. వాడిని వాళ్లలో కూర్చోబెట్టి మీరు టీ తాగి రండి.