ఫాలోపియన్ నాళం కదలికలను నడిపే రసాయనాలు

గ్రూప్స్‌కు, స్టాఫ్‌నర్సు పోస్టులకు చదువుతున్న అశ్వారావుపేట అభ్యర్థులు పునరుత్పత్తి వ్యవస్థలో తేలిగ్గా వదిలేసే అంశమిది. 1561లో ఇటలీ శాస్త్రజ్ఞుడు గాబ్రియెలే ఫాలోపియో వర్ణించిన ఈ నాళం పొడవు 10-12 సెంటీమీటర్లు. గోడలో ఉండేవి నునుపు కండరాలు. మన ఇష్టంతో కదిలేవి కావు. వాటిని నడిపేది రసాయన సంకేతాలే. ఈస్ట్రోజన్ సంకోచాలను పెంచుతుంది, ప్రొజెస్టిరాన్ తగ్గిస్తుంది. ప్రోస్టాగ్లాండిన్లలో ఎఫ్2-ఆల్ఫా నాళాన్ని బిగిస్తుంది, ఇ2 ఎక్కువగా సడలిస్తుంది. నార్‌అడ్రినలిన్ ఆల్ఫా గ్రాహకాల ద్వారా బిగింపు, బీటా గ్రాహకాల ద్వారా సడలింపు కలిగిస్తుంది. ఈ జంటలను కలిపి చదవండి, తికమక ఉండదు.

ఫలదీకరణ జరిగేది నాళంలోని కలశిక భాగంలో. పిండం గర్భాశయం చేరడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది, శైలికలూ సాయపడతాయి. ఇన్ఫెక్షన్లతో నాళం దెబ్బతిన్నా, పొగతాగడం వల్ల కదలిక మందగించినా పిండం దారిలోనే నాటుకోవచ్చు. గర్భాశయం వెలుపలి గర్భాల్లో 90 శాతానికి పైగా నాళంలోనివే. తొలిదశలో వాడే మందు మెథోట్రెక్సేట్. దీన్ని రూపొందించిన లెడర్లీ ఔషధ సంస్థ పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కండర సంకోచానికి శక్తినిచ్చే ఏటీపీని 1929లో సహశాస్త్రజ్ఞుడు ఫిస్కేతో కలిసి గుర్తించిందీ ఆయనే. ఈ రెండూ గుర్తుంచుకోదగ్గవి.

మార్కుల మాట అలా ఉంచితే, నెల తప్పిన స్త్రీకి పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం కనిపిస్తే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి. అడవి అంచు పల్లెల్లో ఈ విషయం తప్పక చెప్పండి.